పడుగు వేసిన వీధిలోకి కార్లు

మా వీధి దారి కాదు. ఇటు మొదట్లోనూ అటు చివర్లోనూ రోడ్డు తగులుతుంది కాబట్టి ఫోన్లకు దారిలా కనిపిస్తుంది, అంతే. మాకు మాత్రం అది పని చేసుకునే చోటు. మేం నేతగాళ్లం. మగ్గానికి ఎక్కించే పొడుగు దారాలను పడుగు అంటాం. దాన్ని వీధి వెంబడి ఆరేడు ఇళ్ల దూరం చాచి, వెదురు కర్రల మీద నిలబెట్టి, గంజి పెట్టి, కుంచెతో దువ్వాలి. తెల్లవారుతూనే మొదలుపెట్టి ఎండ ముదరక ముందే ముగించాలి. ఇంట్లో అంత పొడుగు చోటు ఏ నేతగాడికి ఉంటుంది?

గండికోట లోయ చూడాలని జనం పోవడం మొదలయ్యాక మా వీధికి కార్లు వచ్చాయి. పెద్ద రోడ్డు చుట్టు తిరిగి పోతుంది, మా వీధిలో పడితే మూడు నిమిషాలు కలిసొస్తుందట. 'ఈ వీధివాళ్లకు మాత్రమే' అని బోర్డు రాయించి పెట్టాం. కళ్లు ఫోనులో ఉంటే బోర్డు ఎవరు చదువుతారు? నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. వచ్చిన ప్రతి కారు ముందూ కొంగు దోపుకొని నిలబడి, గంజి ఆరేదాకా ఆగమనో వెనక్కి పొమ్మనో అరిచేదాన్ని.

ఒకసారి ఒకాయన తొందరపడి పక్కగా దూరబోయాడు. కారు అద్దం కర్రకు తగిలి బోలెడు పోగులు తెగాయి. వాటిని ఒక్కొక్కటే ముడివేసింది మా అత్త. ఆ మధ్యాహ్నం అన్నం సగంలో వదిలేసి లేచింది.

"ఇంగొక్క పడుగు చెడితే ఈ వీధి పని వద్దు. మిల్లులో గంజి పెట్టిందే కొనుక్కుందాం, అందరి మాదిరి."

ఆమె అన్నదంటే అన్నదే. పెళ్లయి వచ్చిన నాటి నుంచి కుంచె పట్టిన మనిషి. అది లేకుండా పొద్దున లేచి ఏం చేస్తుందో నేను ఊహించలేకపోయాను. భయమేసింది.

తర్వాతి పడుగు వేసిన రోజు వీధిలో సగంమంది పెళ్లికి పోయారు. మా అత్త, నా భర్త, నేను, ఎదురింటామె, నలుగురమే మిగిలాం. గంజి ఆరడానికి వచ్చిందనగా ఒక కారు వచ్చి ఆగింది. అందులో కర్నూలు నుంచి వచ్చిన ఆలుమగలు. వెనకే ఇంకో కారు, దాంట్లో ఇద్దరు మగవాళ్లు. ఇక వెనక్కి తిప్పడానికి కూడా లేదు. నేను ముందు కారు కిటికీ దగ్గరికి పోయాను.

"యాడికప్పా పోతాండేది?"

"గండికోటకక్కా. ఫోను ఈడ్నే చూపిస్తాండాది."

"పడుగు చూపించలేదా నీ ఫోను?"

ఆయన బదులు చెప్పేలోపే నా చేతి మీద చినుకు పడింది. వాన కోసం ఏడాదంతా ఆకాశానికి దండాలు పెట్టే సీమలో పుట్టి, ఆ పూట వానను నోటికొచ్చినట్టు తిట్టాను. తడిస్తే గంజి కరిగి పోగులన్నీ అట్టకట్టిపోతాయి. పడుగును ఒక కొస నుంచి చుట్టుకుంటూ రావాలి. చుట్టేంతసేపూ తక్కిన పొడవంతా వదులు కాకుండా మనుషులు పట్టుకొని ఉండాలి. ఎనిమిది మంది కావాలి, ఉన్నది నలుగురం.

"దిగండి! అందరూ దిగండి! చెప్పులు ఆడ్నే ఇడ్సండి!"

ఎందుకని ఒక్కరూ అడగలేదు. నా గొంతు అట్లాంటిది. కర్నూలామె చున్నీ నడుముకు బిగించి కర్ర పట్టుకుంది. వెనక కారువాళ్లిద్దరూ చెరో కర్ర దగ్గరికి ఉరికారు. ఆమె భర్త రెండు చేతులూ చాచి, ఊపిరి కూడా తీయకుండా నిలబడ్డాడు. "బిగ్గా పట్టుకోప్పా, అది కరవదులే" అంటూ మా అత్త చుట్టుకుంటూ నడిచింది. పడుగు మా ఇంటి ముందు పంచలోకి చేరాకే వాన గట్టిగా అందుకుంది.

అందరం పంచలో నిలబడి ఒకరి గంజి చేతులు ఒకరం చూసుకొని నవ్వాం. ఆ వానలో గండికోట లోయ ఎట్లాగూ కనబడదు. నాకు ఎంత సంతోషమైందంటే, టీలో చక్కెర రెండుసార్లు వేశాను. అయినా అందరూ చుక్క మిగల్చకుండా తాగారు.

అంతమాత్రాన నా మాట మార్చుకోలేదు. గ్లాసులు అందిస్తూనే చెప్పాను. "మా ఇండ్లకొచ్చేటోళ్లకు, గ్యాసు బండికి, అంబులెన్సుకు ఈ వీధి చూపించనీప్పా. మూడు నిమిషాల కోసరం పోయేటోళ్లకు పెద్ద రోడ్డు ఉండాది గదా!"

కర్నూలాయన ఔనన్నాడు. ఫోను తీసి శ్రద్ధగా ఏదో రాశాడు. ఇది వీధివాళ్లకే అని మ్యాపువాళ్లకు తెలిపానని, సరిచేయడం వాళ్ల చేతుల్లో ఉందని చెప్పాడు.

మా అత్త పడుగు చుట్టను ఒళ్లో పెట్టుకొని అటూ ఇటూ తిప్పి చూస్తోంది. ఒక్క పోగు తెగలేదు. నోటి నుంచి మిల్లు మాట వస్తుందేమోనని నేను ఆమె మొహమే చూస్తున్నాను. ఆమె తలెత్తి కర్నూలాయనను అడిగింది.

"మంగళవారం ఇంగోటి ఏస్తాండాం. వస్తావాప్పా?"

"ఇంగ ఫోను ఈ దారి చూపించదేమో పెద్దమ్మా."

"కాళ్లుండాయి గదా. బండి పెద్ద రోడ్లో పెట్టి నడిసి రా."