రెండు పట్టాల సన్మానం

రోజూ తొమ్మిది కాకముందే సుభానీ అన్న తడిగుడ్డతో బోర్డు తుడుస్తాడు. 'గోపాలకృష్ణయ్య, అడ్వొకేటు' అన్న అక్షరాల మీద నరసరావుపేట దుమ్మంతా తెల్లారేసరికి పేరుకుని ఉంటుంది. తర్వాత పొడిగుడ్డతో ఒకసారి. ఆ పైనే టైపు మిషను మూత తీస్తాడు.

సుభానీ అన్న వాళ్లది మా పక్కిల్లే. తల్లి హజ్రా బీ బట్టలు కుట్టి బీకాం దాకా చదివించింది. ఈ వకీలు దగ్గర గుమాస్తాగా కుదిరిన కొన్నేళ్లకి, సాయంత్రం బస్సులో గుంటూరు పోయి లా చదివాడు. ఆ మూడేళ్లలోనే పోస్టులో ఎంకాం కూడా కట్టాడు. పోస్టులో వచ్చే ఆ పాఠాల కాగితాలు చెదిరిపోకుండా నేనే దారంతో కుట్టి ఇచ్చేదాన్ని. దాచేపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలు లేస్తున్న రోజులవి. చట్టం తెలిసినవాళ్లకి వ్యాపారం తెలియదు, రెండూ చదివినవాడు కావాలని ఒక మేనేజరు వకీలు గదిలో అంటుంటే సుభానీ అన్న విన్నాడు.

ఒకేసారి రెండు డిగ్రీలు చదవకూడదని రూలు. వేరే కోర్సులో లేనని రెండు అప్లికేషన్ల మీదా సంతకం పెట్టాడు. అలా చదివేవాళ్లు ఇంకొందరున్నారు. నోరు మెదపకపోతే ఎవరూ అడగరు.

ఎనభై ఆరులో రెండూ పాసయ్యాడు. పట్టాలు చేతికి రాగానే వచ్చి చేరమన్నాడు మేనేజరు. ఆ సంగతి చెప్పిన రోజే గోపాలకృష్ణయ్య గారు సన్మానం తలపెట్టారు. 'ఏకకాలంలో రెండు పట్టాలు సాధించిన మా సుభానీ' అని కార్డులు అచ్చు వేయించారు. సుభానీ అన్న భయపడితే, ఫలితాలు వచ్చాక ఎవరూ ఏమీ చేయలేరని చెప్పారు. వకీలు మాట కదా అని నమ్మాడు. ఆయన ఇచ్చిన చిరునామాలన్నీ కవర్ల మీద తనే టైపు చేశాడు, యూనివర్సిటీ రిజిస్ట్రారుదీ.

శాలువా కప్పారు. హజ్రా బీ ముందు వరసలో కూచుని ఏడ్చింది.

మూడు వారాలకి రిజిస్టరు ఉత్తరం వచ్చింది. రెండు పట్టాలూ రద్దు.

ఉత్తరం తెచ్చి వకీలు ముందు పెట్టాడు. ఆయన నిదానంగా చదివారు.

"ఆ కార్డు వాళ్లకెందుకు పంపించారండీ?"

"చదువు చెప్పినోళ్లని పిలవకుండా సన్మానమేందిరా?"

"రూలు మీకు తెలుసు గదండీ."

"తెలుసు. తొమ్మిదేళ్లు పని నేర్పింది నువ్వు పోయి ఫ్యాక్టరీ కుర్చీలో కూచోడానికా? ఇక్కడ టైపు ఎవరు కొడతారు, మీ అమ్మా?"

తప్పు ఒప్పుకుంటూ యూనివర్సిటీకి రాస్తే ఒక్క పట్టా అయినా మిగులుస్తారని మళ్లీ ఆయనే అన్నారు. ఆయన చెబుతుంటే సుభానీ అన్న మూడు కాపీలు కొట్టాడు. తెలిసే మోసం చేశానని, ఏ శిక్షకైనా సిద్ధమని ఉంది అందులో. ఒక్క అక్షరం తప్పు పోలేదు. సంతకం పెట్టి, తనే పోస్టు చేసి వచ్చాడు.

ఒక్కటీ మిగలలేదు. ఫ్యాక్టరీ ఉద్యోగం గోపాలకృష్ణయ్య గారి అల్లుడికి వచ్చింది. అతను చదివింది లా ఒక్కటే. శాలువాని హజ్రా బీ కుట్టుమిషను మీద కప్పింది.

సుభానీ అన్నకి ఇప్పుడు ముప్పై మూడేళ్లు. ఆ ఆఫీసులోనే గుమాస్తా.