ఒప్పుకోబాకండి

ముందు గొర్రెపిల్ల అరుపు వినిపించింది. ఉదయగిరి బస్టాండు పక్కన అంత చిన్న సెల్‌ఫోన్ షాపులో గొర్రెపిల్ల ఎక్కడిదా అని చూస్తుంటే, బల్ల కింద నుంచి ఫోను పట్టుకొని అంకారావు లేచాడు.

"రింగ్‌టోన్ సార్. ఇది పెడితే గొర్రెలోళ్లు వస్తారనుకొన్నాను. గొర్రెలు తొంగిచూసి పోతుండాయి," అన్నాడు.

ఛార్జర్ కోసం వెళ్లిన నేను ఆ మాటకు స్టూలు లాక్కొని కూర్చున్నాను. అతను పని నేర్చింది ఆత్మకూరులోనట. "విప్పడం బాగా నేర్పినారు సార్. బిగించడం మొదలుపెట్టేసరికి మా ఊరి బస్సు వచ్చేసింది."

అతని తల వెనక గోడకు ఒక అట్ట. 'ఫోన్ ఏది అడిగినా ఒప్పుకోబాకండి.' ఫోను మోసాలకు జడిసి తనే రాశాడు. ఎర్రటి అక్షరాలు గాలికి ఒరిగిన సజ్జ చేనులా ఉన్నాయి.

అప్పుడే కామమ్మ వచ్చింది. వరికుంటపాడు దారిలో గొర్రెలు మేపుకొనే మనిషి. చీర అంచున పల్లేరుకాయలు, కొంగులో చుట్టిన ఫోను.

"ఏందిరా అంకారావా, నీ కేలండర్ మూగదా?"

గొర్రెలకు చిటుకు రోగం టీకా వేసే రోజును అంకారావే ఆమె ఫోను కేలండర్‌లో పెట్టి, పొద్దున్నే మోగి గుర్తు చేస్తుందని మాటిచ్చాడు. మోగలేదు. ఆమె మందను కొండకు తోలుకుపోయింది. పశువుల డాక్టరు వచ్చి వెళ్లిపోయాడు. నిరుడు ఆ రోగం ఆమె గొర్రెపిల్లల్లో సగాన్ని తీసుకుపోయింది. రేపు పొద్దున డాక్టరు ఇంకొక్కసారి వస్తాడు. ఆ తర్వాత ఈ పక్కకు రాడు.

అంకారావు ముఖంలో వెలుగు తగ్గింది. ఫోను ఆపి మళ్లీ పెట్టాడు. చొక్కా అంచుతో తుడిచాడు. మూలల్లో ఊదాడు.

"ఊదితే కొన్ని పనిచేస్తాయి సార్. ఎందుకో నాకూ తెలవదు."

కేలండర్ తీసేసి మళ్లీ ఎక్కించాడు. తెర మీద ప్రశ్న వెలిగింది: నోటిఫికేషన్లు పంపడానికి కేలండర్‌ను అనుమతించాలా? అతను చదివేలోపే కామమ్మ వేలు చాచి 'అనుమతించవద్దు' నొక్కేసింది.

"అదెందుకు నొక్కినావు కామమ్మత్తా?"

"నువ్వే కదరా చెప్పింది, ఏది అడిగినా కింద ఉండేది నొక్కమని." అట్ట వైపు గడ్డం ఎగరేసింది. "ఆ పొద్దు కూడా ఇదే అడిగింది. నేను ఒప్పుకొంటానా?"

నాకు ఆ కేలండర్ మీద జాలి కలిగింది. తేదీని గుండెల్లో పెట్టుకొని, చెప్పడానికి అనుమతి లేక, ఆ తెల్లవారుజామంతా అది కొంగు ముడిలో ఎలా మేలుకొని ఉందో.

అంకారావు సెట్టింగుల్లోకి వెళ్లి అడ్డం తీశాడు. పరీక్షకు పెట్టిన గుర్తు టింగుమంది. రేపటి టీకాకు కూడా పొద్దున్నే మోగేలా పెట్టాడు. కామమ్మ నవ్వలేదు.

"రేపు గానీ మోగలేదంటే, మందంతా తోలకొచ్చి నీ షాపులో కట్టేస్తా."

"మోగుద్ది అత్తా. ఎందుకైనా మంచిది, పొద్దున్నే నేనే ఫోన్ చేసి నిన్ను లేపుతా," అని అతను తన కేలండర్‌లో కూడా గుర్తు పెట్టుకొన్నాడు.

మర్నాడు నేను ఆత్మకూరు బస్సు కోసం వచ్చేసరికి, బాగా ఎండెక్కినా షాపు అప్పుడే తెరుస్తున్నాడు. టీకాల సంగతి అడిగాను.

"ఆమెది టయానికి మోగింది సార్. టీకాలు కూడా అయిపోయినాయి. నాదే మోగలా. నేనూ అట్ట చదివే నొక్కినట్టుండాను. ఆమే ఫోన్ చేసింది నన్ను లేపేదానికి. గొర్రెపిల్ల అరుస్తుండాదని నిద్దట్లో దాన్ని అదిలిస్తా పడుకొన్నానంట. మా ఇంటామె ఇంకా నవ్వతానే ఉండాది."

గోడ మీది అట్ట ఊడదీసి, దుమ్ము దులిపి, వెనక వైపు తిప్పి నా ముందు పెట్టాడు. ఎర్రరంగు డబ్బా మూత తీశాడు. బస్సు హారన్ కొట్టింది.

"మీరు కథలు రాసేవాళ్లంట కదా సార్. ఇందులో ఏం రాయాలో మీరే చెప్పిపోండి. నాకు పర్మిషన్ కామమ్మ తీసేసింది."