తప్పెవరిదని అడిగిన ఓబుళేశు

జమ్మలమడుగు కార్ల స్టాండులో బాడుగ కారు నడిపే ఓబుళేశుకు తెలియని సంగతంటూ ఉండదు. ఉండకూడదని అతని పట్టుదల. ఢిల్లీలో ఏం జరుగుతోందో, పులివెందులలో ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారో, అడిగినా అడక్కపోయినా చెప్తాడు. అటువంటి మనిషి పోయిన చలికాలంలో ఒక డెన్మార్క్ ముసలమ్మను గండికోటకు తీసుకుపోయి, తనకే తేలని సంగతొకటి మోసుకుని తిరిగొచ్చాడు.

ఆ పొద్దున బయలుదేరేటప్పుడే వేంపల్లె దగ్గరి పల్లె నుంచి బావమరిది నారాయణ ఫోన్ చేశాడు. పొలం గట్టు మీద దాయాదులతో తగాదా ముదిరింది. "రేపు పంచాయితీ ఉండాది బావా. ఊరికే వచ్చి నిలబడు, చాలు," అన్నాడు. ఊరికే నిలబడటమనేది ఎక్కడా ఉండదని మా దిక్కు పసిపిల్లలకూ తెలుసు. మాట పెరిగితే కట్టెలు లేస్తాయి. అట్లని పోకుంటే, రేపు మన ఇంట చావొచ్చినా పెళ్ళొచ్చినా ఎవరూ గడప తొక్కరు. ఓబుళేశుకు పోవాలని లేదు, పోనని చెప్పే ధైర్యమూ లేదు. సాయంత్రం చెప్తానని తప్పించుకున్నాడు.

ముసలమ్మ పేరు బిర్గిత్. కోట మీద, పెన్న లోయ అంచున కూర్చుని ఫోన్‌లో ఒక ఫొటో చూపించింది. సైనికుడి దుస్తుల్లో ఒక పిల్లవాడు.

"ఈమె కొడుకన్నా. అఫ్గానిస్తాన్ యుద్ధంలో పోయినాడంట," అన్నాడు ఆమె మాటలు తెలుగులో చెప్పే గైడు భూపేష్.

ఓబుళేశు అయ్యో అన్నాడు. కానీ సంగతి బోధపడలేదు. "ఆ దేశమోళ్ళు ఈళ్ళ మీదికి వచ్చినారా?"

రాలేదట. అమెరికా మీద దాడి జరిగిందట. అమెరికా పిలిస్తే వీళ్ళు పోయారట.

పిలిస్తే పోవడం ఓబుళేశుకు బాగా తెలిసిన పనే. "అట్లయితే, పిలిచినోళ్ళ పెద్దమనిషి ఇంటికొచ్చి ఈమె మంచిచెడ్డ చూసినాడా? అడుగప్పా."

మా పద్ధతి అది. ఒకరి తరఫున నిలబడి మనిషి పడిపోతే, ఆ ఇంటి తిండీ పిల్లల చదువూ పిలిచినవాడి మెడకే చుట్టుకుంటాయి. భూపేష్ నసుగుతూ అడిగాడు. ఆమె ప్రశ్నను రెండోసారి చెప్పించుకుంది. అట్లా ఎవరూ రాలేదనీ, తమ ప్రభుత్వమే చూసుకుందనీ చెప్పింది. పైగా ఇప్పుడా అమెరికానే, తమ రాజ్యంలో ఉన్న గ్రీన్‌లాండ్ అనే పెద్ద మంచు దీవిని ఇచ్చెయ్యమంటోందని చెప్పింది.

ఓబుళేశు భుజం మీది తువ్వాలు తీసి దులిపాడు. "ఎవరి పక్కన నిలబడినారో, వాడే ఈళ్ళ చేను అడుగుతాండాడా? మరి కొడుకులను పంపిన నాయకులకు ఓట్లెట్ల పడినాయి?"

ఆమె చెప్పింది భూపేష్ విడమరిచాడు. "ప్రాణాలు పోతాండినా శానామంది పోవాల్సిందేనన్నారంట. పెద్ద పార్టీలన్నీ ఒకే మాటంట. వద్దనే వాళ్ళను చూస్తే ఈమెకే కోపమంట, కొడుకు ఉత్తపుణ్యానికి పోయినాడన్నట్ల ఉంటాదని. కడాకు పాత తాలిబాన్లే గద్దెనెక్కినారు. ఇప్పుడు రష్యా దండెత్తిన ఉక్రెయిన్‌కు ఈళ్ళ ప్రభుత్వం తమకాడున్న ఫిరంగులన్నీ ఇస్తామంటే, ఈమె గూడా ఇయ్యమనే అనిందంట."

"ఇంత జరిగినాక గూడానా?"

ఆమె ఫోన్ సంచిలో పెట్టేసింది. తమది చిన్న దేశమని, ఇవాళ తాము నిలబడకపోతే రేపు తమ పక్కన ఎవరు నిలబడతారని అంది. అంతలోనే తల అడ్డంగా ఆడించి, ఇది తప్పో ఒప్పో తనకూ తెలియదంది.

తిరుగు దారిలో ఓబుళేశు రెండు మలుపులు తప్పిపోయాడు. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని మొదట ఆమె మీద జాలిపడ్డాడు. తీరా చూస్తే ఆ మందలో తనూ ఉన్నాడు. ఆమె మాటల్ని బట్టి పంచాయితీకి పోవాలో, వద్దో ఎంత ఆలోచించినా తేలలేదు. ఆమెను దించేసి నారాయణకు ఫోన్ చేశాడు.

"ఆ గట్టుకాడ తప్పెవరిదప్పా?"

నారాయణ మెల్లగా అన్నాడు. "మీ బోరుకాడ కొట్లాటయినపుడు మా నాయన వచ్చి నిలబడినాడు బావా. ఆయన కుడిచెయ్యి ఈ పొద్దుకూ పైకి లేయదు. తప్పెవరిదని నిన్నడిగినాడా?"

"లేదు," అన్నాడు ఓబుళేశు.

ఆ బోరు తగాదాలో తప్పు ఓబుళేశు వాళ్ళదే. అడిగి ఉంటే మామ వచ్చేవాడా? రాకుండా ఉంటే ఆ చెయ్యి బాగుండేది, ఓబుళేశు తల పగిలేది. మర్నాడు పొద్దున్నే కారు తీసుకుని నారాయణ ఊరికి పోయాడు. అవతలి వరుసలో ఉన్నవాళ్ళలో సగం మంది వేరే ఊళ్ళవాళ్ళే, పిలిస్తే వచ్చినవాళ్ళే. ఇంకా పంచాయితీ మొదలు కాలేదు. మామ వచ్చి పక్కన నిలబడగానే ఓబుళేశు ఇక ఉండబట్టలేకపోయాడు.

"మామా, ఆ బోరుకాడ తప్పు మాదని నీకు తెలుసునా?"

"తెలుసు." ముసలాయన ఎడమ చెయ్యి అల్లుడి భుజం మీద వేశాడు. "ఆ పొద్దు తప్పు మీది. ఈ పొద్దు మాది. నిలబడు."

ఓబుళేశు నిలబడ్డాడు.