వియ్యాలవారి సముద్రం

మా అక్క పెద్దాసుపత్రిలో లిఫ్టు నడుపుతుంది. పొద్దస్తమానం కింది నుంచి పైకి, పై నుంచి కిందికి. పక్కకు కదిలే ఉద్యోగం కాదు. అలాంటి మనిషి ప్రపంచ ప్రాంతాల భూగోళం చదువుతానని సాయంత్రం కాలేజీలో చేరితే నేను నవ్వాను. నాకు నోటి దురద ఎక్కువ.

మౌఖిక పరీక్ష రెండుసార్లు తప్పింది. ఈసారీ తప్పితే సీటు పోయినట్టే. అర్థంకాని ముక్కను బట్టీపట్టడం అక్కకు చేతకాదు. అక్కడే ఆగి నోరు మూసేసుకుంటుంది. పైగా ఈసారి ఆమె వంతుకు పసిఫిక్ దీవులు వచ్చాయి.

"అందరికీ నేల పంచి, మిగిలిన నీళ్ళన్నీ నా మొహాన కొట్టారు," అంది.

పరీక్ష రేపనగా, నేను గోడకు మేకులు కొట్టి తగిలించిన ప్రపంచ పటం ముందు నిలబడి కదలదే.

"ఇదుగో ఫిజీ, కుడి చివర. టోంగా చూడు, ఎడమ చివర. వీళ్ళు పూర్వం పడవల్లో వెళ్ళి పిల్లనిచ్చి పుచ్చుకునేవాళ్ళట. మధ్యలో ఇన్ని ఖండాలుంటే పెళ్ళివారి పడవ ఎలా వెళ్ళిందిరా?"

"భూమి గుండ్రమని తెలీదా నీకు?"

"తెలుసులే. కానీ రోజూ చూసేది గోడ మీది పటాన్నే కదా."

గుండ్రమని నేను అన్నానే గానీ, దాంతో ఏం చెయ్యాలో నాకూ తోచలేదు.

"రేపు నేను వెళ్ళను. చదివింది చాలు," అంది అక్క.

నాకు ఒళ్ళు మండింది. మేకులు పీకి, పటాన్ని చుట్టి అటక మీదికి విసరబోయాను.

"ఆగు," అంది.

కోపంలో బొమ్మ బయటివైపుకి ఉండేలా చుట్టేశాను. రెండు అంచులూ లిఫ్టు తలుపు రెక్కల్లా దగ్గరికొచ్చాయి. ఫిజీ, టోంగా పక్కపక్కనే ఉన్నాయి. మిగతా అంతా నీలం. ఖండాలన్నీ వెనక్కి పోయాయి, మనతో సహా. ఇన్నాళ్ళూ అంచుల్లో ఖాళీ అనుకున్నది ఇదా అనుకున్నాను. ఆ నీటి ముందు నిజంగా భయమేసింది, సంతోషమూ కలిగింది.

"దగ్గరేం కాదురా," అక్క ఆసుపత్రిలో మాట్లాడినట్టు గొంతు తగ్గించింది. "రోజుల తరబడి నీళ్ళే. పెళ్ళికూతుర్ని కూర్చోబెట్టుకుని, చుక్కల్ని చూసుకుంటూ పోయారు."

మర్నాడు పటం చంకన పెట్టుకుని అక్క వెంట కాలేజీకి వెళ్ళి, పరీక్ష గది తెరిచిన తలుపు బయట కూర్చున్నాను. పరీక్ష చేసే మేడమ్ మొదటి ప్రశ్న అడగగానే అక్క మూగబోయింది.

"మా తమ్ముడి దగ్గరున్న పటం తెచ్చుకోవచ్చా అండీ?" అంది కాసేపటికి.

చుట్టి, అంచులు కలిసినచోట మేడమ్‌ని పట్టుకోమంది. ఇక చెప్పుకుపోయింది. ప్రశ్నలు అయిపోయాక కూడా మేడమ్ ఆ కాగితం వదల్లేదు, తిప్పి తిప్పి చూస్తూనే ఉంది.

పాసయ్యావని మేడమ్ చెప్పాక, బయటికొచ్చి అక్క ఏడ్చింది. ఇంటికెళ్ళాక పటాన్ని మళ్ళీ గోడకు కొడదామని సుత్తి తీశాను.

"వద్దురా," అంది. "వాళ్ళను మళ్ళీ విడదీస్తావా?"