స్టాండ్‌బై లేని మేనమామ

మొన్న ఆదివారం మధ్యాహ్నం పుదుచ్చేరి మురుంగపాక్కంలో మా అక్క ఇంట్లో అందరం భోజనానికి కూర్చున్నాం. విమానం నడిపే మా మేనకోడలు సెలవు మీద చెన్నై నుంచి వచ్చింది. రసం కలుపుకుంటూ ఉండగా దాని ఫోను మోగింది. ఎవరు చేస్తున్నారో చూసి, ఎడమచేత్తో ఫోనును బోర్లా తిప్పి, మళ్లీ అన్నంలో చెయ్యి పెట్టింది. పిలుస్తున్నది వాళ్ల ఆఫీసని తెలిసి, ఎత్తమని కంగారుపడ్డాను.

"ఈ పొద్దు నాకు ఆఫ్, మామా. ఎత్తాల్సిన పనిలే. కాంట్రాక్టులోనే ఉండాది," అంది తాపీగా.

నా కంగారుకు కారణం ఉంది. అలాంటి ఫోన్లు చేసే ఉద్యోగమే నేను చాలా ఏళ్లు చేశాను. ప్రైవేటు విమానాలు కొత్తగా ఎగరడం మొదలైన కాలంలో, మద్రాసులో ఒక కంపెనీలో పైలట్లకు డ్యూటీలు వేసే గుమాస్తాని. ఇప్పటిలా అన్నీ కంప్యూటరు చూసుకునేది కాదు. బల్లంత కాగితం, చెక్కిన పెన్సిలు, అరిగిన రబ్బరు, మూడు టెలిఫోన్లు, ఇంతే మా సరంజామా. మా ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడతాం గానీ చదవడం, రాయడం ఎవరికీ రాదు. నేను మాత్రం ఆ ఆఫీసులో పక్క కుర్చీలో కూర్చునే నెల్లూరు ఆయన దగ్గర, ఫోన్లు మోగని వేళల్లో, ఆ రోస్టరు కాగితాల వెనకాలే అక్షరాలు దిద్దుకున్నాను.

రోజూ కొందరు పైలట్లను స్టాండ్‌బైలో ఉంచేవాళ్లం. అంటే వాళ్లు యూనిఫారం ఇస్త్రీ చేసుకుని మద్రాసులోనే కాచుకుని ఉండాలి, ఎవరికైనా జ్వరమొచ్చిందంటే గంటన్నరలో విమానాశ్రయానికి చేరాలి. మొదట్లో దీనికి పద్ధతంటూ లేదు, సెలవులో ఉన్నవాణ్ణి కూడా లాక్కొచ్చేవాళ్లం. తర్వాత పైలట్లందరూ పట్టుబట్టి కొత్త కాంట్రాక్టు రాయించుకున్నారు. స్టాండ్‌బైకి ముందు ఇంత విశ్రాంతి, తర్వాత ఇంత విశ్రాంతి అని గీత గీశారు. వారంలో వచ్చే సెలవును, ఆ మనిషి తనంతట తాను సరేనంటే తప్ప, ఎవరూ ముట్టుకోకూడదన్నారు. న్యాయమైన మాటే. కాని అంతకుముందు ముగ్గురితో సరిపెట్టిన స్టాండ్‌బైకి ఇప్పుడు అయిదుగురు కావలసి వచ్చింది. కంపెనీ ఒక్కరినీ కొత్తగా తీసుకోలేదు. ఆ లోటంతా మా రబ్బరుతో చెరిపి, పెన్సిలుతో పూడ్చాలి.

మా బావ, అంటే అక్క భర్త, ఆ కంపెనీలోనే కెప్టెను. బావకు మంచి డ్యూటీలు వేస్తున్నానని ఎవరూ అనకూడదని నేను ఆయనకే ఎక్కువ స్టాండ్‌బైలు వేసేవాణ్ణి. పండగలకు ఆయన మద్రాసు గదిలో ఫోను పక్కన కూర్చుంటే, అక్క పుదుచ్చేరిలో నన్ను తిట్టుకునేది. అలాంటిది మేనకోడలికి చెవులు కుట్టించే రోజు బావకు సెలవు పడింది. ఆ రోజుకు నేనూ సెలవు రాసుకున్నాను. మేనమామ ఒడిలో కూర్చోబెట్టి చెవులు కుట్టించడం మా వాళ్ల ఆచారం. అక్కకు ఒకతే కూతురు, నాకు ఒకతే అక్క. అంటే ఆ పీట నాకు జన్మలో ఒక్కసారే.

ముందురోజే బయలుదేరి ఉండాల్సింది, పొద్దున్నే మొదటి బస్సు ఉందిలే అని బద్ధకించాను. తెల్లవారి సంచీతో గడప దాటుతుంటే, నేను అద్దెకున్న ఇంటివాళ్ల ఫోను మోగింది. ఇద్దరు కెప్టెన్లకు ఒంట్లో బాగాలేదు, స్టాండ్‌బైలో ఒకడి ఎగిరే గంటలు ముందురోజే నిండిపోయాయి, మిగిలినవాళ్లు అప్పటికే వేరే విమానాలకు వెళ్లిపోయారు, రెండు గంటల బొంబాయి విమానానికి మనిషి లేడు. మా పైఅధికారి ఒకటే మాటన్నాడు. మీ బావను నువ్వు అడిగితే కాదనడు, తనంతట తాను వస్తే కాంట్రాక్టు తప్పినట్టూ కాదు. అడగలేనంటావా, వచ్చి ఇంకో దారి నువ్వే వెతుకు.

బావ కాదనడని నాకూ తెలుసు. అందుకే అడగలేకపోయాను. ముహూర్తం పదిన్నరకు. ఆయన రెండింటి విమానానికి అందాలంటే తొమ్మిదికే ఇల్లు వదలాలి. బిడ్డ ఏడుస్తుంటే ఎత్తుకోవడానికి తండ్రి ఉండడు. నేను సంచీ మళ్లీ లోపల పెట్టి ఆఫీసుకు వెళ్లాను. బెంగుళూరు నుంచి వచ్చే కెప్టెన్ను బొంబాయికి మార్చి, అతని సాయంత్రం విమానాన్ని అప్పటికి విశ్రాంతి తీరే ఇంకొకరికి కట్టబెట్టి, ఒక్క రూలూ తప్పకుండా లెక్క కుదిర్చేసరికి పన్నెండు దాటింది.

మధ్యలో పదింటికి అక్క ఫోను చేసింది. "యాడుండావురా? కంసాలి ఆసారి సూది పెట్టుకోని కూచోనుండాడు."

రాలేనన్నాను. ఎందుకో చెబితే, వేళ మించినా సరే బావ వెంటనే కారెక్కేస్తాడని, ఆఫీసులో పని అని మాత్రం అన్నాను. అటువైపు ఫోను పెట్టేసిన చప్పుడు.

మా అమ్మే దారి చూసిందట. అంతకుముందు వచ్చినప్పుడు దండెం మీద నేను మరిచిపోయిన చొక్కాను తెచ్చి ఒడిలో పరుచుకుని, "మామ చొక్కా ఉండాది గదా, చాలు," అని బిడ్డను దానిమీద కూర్చోబెట్టుకుంది. కంసాలి ఆసారి సూది గుచ్చినప్పుడు అది చొక్కా జేబు పట్టుకుని చింపేసిందట. ఆ చిరిగిన జేబును నేను కుట్టించలేదు. అలాగే తొడుక్కుని ఆఫీసుకు వెళ్లేవాణ్ణి. ఎంత బాధపడ్డానో నాకే తెలుసు.

అక్క ఆరు నెలలు నాతో మాట్లాడలేదు. బావ మాత్రం ఇప్పటికీ ఏడిపిస్తాడు. మొన్నా వడ్డన మధ్యలో, "ఊరందరికీ సెలవు రాసినోడు, ఆ పొద్దు తనకు రాసుకోలేకపోయినాడు," అన్నాడు. నేను నవ్వి మజ్జిగ పోసుకున్నాను. పైలట్లలో ఎవరు రాకపోయినా ఇంకొకరిని చూపించగలిగేవాణ్ణి, మేనమామకు మాత్రం స్టాండ్‌బై ఎక్కడ దొరుకుతుంది? ఆ పొద్దు ఎందుకు రాలేదో వాళ్లకు ఇప్పటికీ చెప్పలేదు, అక్కకూ బావకూ తెలుగు చదవడం రాదు కాబట్టే ఇదంతా ధైర్యంగా ఇక్కడ రాస్తున్నాను.

మేనకోడలి ఫోను మళ్లీ మోగలేదు. మరి ఆ విమానం సంగతేమిటని అడిగాను. "కంప్యూటరే పిలుస్తాది, మామా. నేను ఎత్తకపోతే లిస్టులో తర్వాత పేరుకు పోతాది," అంది. మంచిదే. దాని సెలవు దానికి దక్కింది, తండ్రికి దొరకని నిశ్చింత దానికి దొరికింది, అందుకు నాకు సంతోషమే. కాని చెయ్యి కడుక్కుంటూ కూడా నా మనసు ఆ తర్వాతి పేరు దగ్గరే ఆగిపోయింది. వాళ్లింట్లో ఆ రోజు ఏముందో కంప్యూటరుకు తెలియదు. తెలిసి, ఫోను చేయకుండా ఊరుకునేవాడు ఆ కుర్చీలో ఇప్పుడు లేడు.