నలగని యూనిఫాం

అమెరికాలోని బర్మింగ్‌హామ్‌లో ఒక లాండ్రీలో ముప్ఫై ఒక్కేళ్లు ఇస్త్రీ చేసి రిటైరైన ఆర్డెల్లా టార్ప్లీకి, బట్ట మీద ముడత కనిపిస్తే కళ్లు దాని మీదే ఆగిపోతాయి. ఆ రోజు వంటింటి బల్ల మీద బొమ్మలు గీసే ఇమానీ పరిచిన బొమ్మలో ముడతలున్నది ఆర్డెల్లా తండ్రి రూఫస్ ఒంటి మీది బట్టల్లో.

రూఫస్ వారమంతా బొగ్గు తవ్వి, ఆదివారాలు నల్లవాళ్ల బేస్‌బాల్ జట్టుకి బంతి విసిరేవాడు. ఆయన మీద పిల్లల బొమ్మల పుస్తకం వస్తోంది. శుక్రవారం అచ్చుకి వెళ్లాలి. పక్క వీధి బడిలో పిల్లలకి ఇకమీదట రూఫస్ అంటే ఆ పుస్తకంలో ఉన్నవాడే.

బొమ్మలో "తెల్లవారికి మాత్రమే" అనే బోర్డు కింద ఆయన నలిగిన యూనిఫాంలో తల వంచుకుని ఉన్నాడు. వెనక జనమంతా చిరుగుల బట్టల్లో.

"ఎవరమ్మా ఈయన?"

"మీ నాన్నగారే, మిస్ ఆర్డెల్లా."

"చెత్తకుండీలోంచి లాక్కొచ్చినట్టు గీశావు."

ఇమానీ ముఖం చిన్నబోయింది. "మైదానంలో బట్టలు మార్చుకునే గదుల్లోకి రానివ్వకపోతే బస్సులోనే మార్చుకునేవాళ్లని మీరే చెప్పారు కదండీ."

"మార్చుకున్నారు. నలుపుకోలేదు. మా అమ్మ శనివారమే గంజి పెట్టి ఇస్త్రీ చేసి, దుప్పట్లో చుట్టి ఇచ్చేది. ఇక ఈ జనం. ఆట ఉన్న ఆదివారం మా పాస్టరు గంట ముందే ప్రార్థన ముగించేవాడు. చర్చి బట్టల్లోనే అందరం మైదానానికి. మా అత్త టోపీ ఒక్కటే వెనక మూడు వరసలకి అడ్డం. ఎన్ని తిట్లు తిన్నదో."

ఇమానీ నవ్వాపుకుని పెన్సిల్ తీసింది. "బోర్డు తీసెయ్యనా?"

ఆర్డెల్లా బొమ్మలో బోర్డు మీద వేలు పెట్టింది. "ఉండనీ. అది ఉండేది. మా నాన్నని మాత్రం నిటారుగా నిలబెట్టు."

తర్వాత ఇస్త్రీ బల్ల వేసి, తెల్ల చొక్కా మీద గంజినీళ్లు చల్లింది. చొక్కా చేతి మీద ఇస్త్రీ మడత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఇమానీ చూస్తూ గీసుకుంది.

మార్చిలో బడివాళ్లు పిలిచారు. పుస్తకం ఎత్తి చూపిస్తూ ఆర్డెల్లా గొంతు సవరించుకుంది. ముందు బోర్డు గురించే అడుగుతారనుకుంది.

"ఈ బొమ్మలో అందరూ ఇంత బాగా తయారయ్యారు, పెళ్లికా?" అంది ముందు వరసలో ఒక పిల్ల.

"ఆటకి."

"మరి గెలిచారా?"

"గెలిచారు. మనవి నాలుగు పరుగులు, వాళ్లది ఒకటి."

పిల్లలు చప్పట్లు కొట్టారు. బోర్డు సంగతి ఆ తర్వాత అడిగారు. ఆర్డెల్లా కుర్చీలో వెనక్కి ఆనుకుని, తీరిగ్గా చెప్పింది.