మా బేస్‌మెంట్ ఆటగాడి మీద ఎంక్వైరీ

ఒక్క ఫోన్ కాల్‌తో నేను ఎంత పెద్దమనిషినైపోయానో వినండి. నవ్వకండి, మా ఆవిడ సుజాత నవ్వింది చాలు.

రిసెషన్ కదా, ఇక్కడ అమెరికాలో, ఎడిసన్‌లో మా ఇంటి బేస్‌మెంట్ అద్దెకిచ్చాం. వచ్చినవాడు మైక్. ముప్పై దాటినవాడు, ప్రొఫెషనల్ బేస్‌బాల్ ప్లేయర్‌నన్నాడు. ఏ పొజిషన్ అంటే, "ఎక్కడ మనిషి తక్కువైతే అక్కడ" అన్నాడు. గ్లవ్‌లే రకరకాలు. టీషర్టు చూస్తే రోజుకో ఊరి టీమ్‌ది. మ్యాచ్ ఎప్పుడంటే, "ఈమధ్య బెంచ్ మీదే ఉంటున్నా" అన్నాడు.

నాకు అనుమానం పట్టుకుంది. మన కన్సల్టెన్సీల రెజ్యూమేలు ఎన్ని చూళ్లేదు? జావా వచ్చు, టెస్టింగ్ వచ్చు, డేటాబేస్ వచ్చు అన్నవాడికి ఏదీ రాదు.

"వీడిది ఫేక్ ఎక్స్‌పీరియన్సే" అన్నాను.

"పాపం, చక్కగా పలకరిస్తాడండీ" అంది సుజాత.

అలా పలకరించేవాళ్లతోనే జాగ్రత్తగా ఉండాలని చెప్పి, మొన్న ఆఫీస్ నుంచి అతని టీమ్‌కి ఫోన్ చేశాను. నా పేరు చెప్పలేదు. ఎవరో మేనేజర్‌కే కలిపారు. నిజంగా అన్ని పొజిషన్లూ ఆడతాడా? ఇన్ని టీమ్‌లు ఎందుకు మారాడు? తాగుతాడా? ఇంట్లో చేపలు వేయిస్తాడా? ఆయన ఓపిగ్గా అన్నీ చెప్పి, "ఇంతకీ మీరు ఏ టీమ్ నుంచి?" అన్నాడు. భయమేసి పెట్టేశాను.

నిన్న సాయంత్రం మైక్ పైకి పరిగెత్తుకొచ్చాడు. "పెద్ద టీమ్‌కి ఆటగాళ్లని వెతికే స్కౌట్ ఎవరో నా గురించి వాకబు చేశాడట! ఆదివారం దాకా ప్రతి మ్యాచ్‌లో నన్ను దింపుతానన్నాడు మేనేజర్. ఈ ఏడు కూడా ఛాన్స్ రాకపోతే ఆట మానేద్దామనుకున్నా."

అతని కళ్లల్లో నీళ్లు. నేను టీ కప్పు చాటున మొహం దాచుకున్నాను.

"ఒక్కటే అర్థం కాలేదు. చేపలు వేయిస్తానా అని ఏ టీమ్ అడుగుతుంది?" అన్నాడు మైక్.

సుజాత ఆగలేకపోయింది. "మా టీమే" అంది.

సిగ్గుతో చచ్చిపోయాను. సారీ చెప్పాను. అతను నావంక అనుమానంగా చూశాడు. తర్వాత తలుపు దగ్గరగా వేసి, మెల్లగా అన్నాడు: "మేనేజర్‌కి చెప్పకండి. వీలైతే రేపు ఇంకోసారి ఫోన్ చేస్తారా?"

ఇవాళ పొద్దున చేశాను. చేపల సంగతి ఎత్తలేదు. బేస్‌బాల్‌లో ఓవర్‌కి ఎన్ని బంతులో కూడా తెలీదు, నేను స్కౌట్‌ని.